ఎండు పత్తికట్టెకి మందు

సాయిలక్ష్మి కళ్ళు తెరిచింది. ఆ మాట ముందు చెప్పేస్తాను. లేకపోతే పోయిన భాగం చదివి వారం రోజులుగా ఎదురుచూస్తున్నవాళ్ళు నన్ను తిట్టుకుంటారు, తిట్టుకోవాలి కూడా.

మంగళవారం పొద్దున మా బడి మిరపచేలో ఆకు నమిలి, గట్టు మీదే కూలబడి నురగలు కక్కిన ఎనిమిదేళ్ళ పిల్ల, బుధవారం మధ్యాహ్నానికి ఒంగోలు ఆస్పత్రిలో కళ్ళు విప్పి వాళ్ళమ్మని మంచినీళ్ళడిగింది. గండం గడిచిందనీ, ఇంకో నాలుగైదు రోజులు ఉంచాలనీ డాక్టరు చెప్పాడు. పురుగుమందే, అనుమానం అక్కర్లేదు అని కూడా చెప్పాడు. మందు సీసాని గేటు కూడా దాటనివ్వమని గొప్పలు చెప్పుకునే బడి మాది. ఆ బడి చేలో మందెవరు కొట్టారు? రెండు రోజులుగా అందరి నోటా అదే ప్రశ్న.

నా పేరు నసీమున్నీసా. పిల్లలకి నసీమక్కని. అద్దంకికి ఆరు కిలోమీటర్ల దూరంలో, మిరపచేలకీ పత్తిచేలకీ మధ్య ఉన్న 'పొద్దుపొడుపు' అనే వాల్డార్ఫ్ బడిలో మూడో తరగతి టీచర్ని. మా దగ్గర అచ్చు పుస్తకాలుండవు, పరీక్షలుండవు. పిల్లలు విన్న పాఠాన్ని తమ చేత్తో రాసి, తేనెమైనం రంగులతో బొమ్మ వేసుకుంటే అదే వాళ్ళ పుస్తకం. ఉన్ని అల్లుతారు, పిల్లనగ్రోవి ఊదుతారు, మూడో తరగతికొస్తే సేద్యం నేర్చుకుంటారు. అన్నిటికంటే పెద్ద పద్ధతి ఇంకొకటుంది. ఒకటో తరగతిలో పిల్లల్ని చేతికి తీసుకున్న టీచరు ఎనిమిదో తరగతి దాకా వాళ్ళతోనే నడవాలి. రోజూ పొద్దున తలుపు దగ్గర నిలబడి ఒక్కొక్కరి చేయీ పట్టుకుని పలకరించి లోపలికి పంపాలి. ఇరవై రెండు చేతులు. ఎవరికి జ్వరం తగిలిందో, ఎవరింట్లో గొడవ జరిగిందో ఆ చేతుల్లోనే తెలిసిపోతుంది నాకు. మూడేళ్ళు గడిచాయి, ఐదేళ్ళున్నాయి. ఆ ఐదేళ్ళూ నావే అనుకున్నాను.

బుధవారం పొద్దున ఏడు చేతులే వచ్చాయి.

ఆ మధ్యాహ్నం రెండింటికి టీచర్ల వలయం కూర్చుంది. మా బడికి హెడ్మాస్టరు లేడు. అందరం గుండ్రంగా కూర్చుని, మధ్యలో కొవ్వొత్తి వెలిగించి, ప్రార్థన చదువుకుని, అందరికీ సమ్మతమైతేనే ఏ పనైనా చేస్తాం. వినడానికి ఎంత బాగుంటుందో. ఎవరి పెత్తనమూ లేని చోట ఎవరి తప్పూ ఉండదని నాకు ఆ రోజే తెలిసింది.

వెంకటేశ్వరమ్మ గారు కొవ్వొత్తి వెలిగించారు. ఈ బడి పెట్టింది ఆవిడే. బెంగుళూరులో ఇలాంటి బడిలోనే ఇరవై ఏళ్ళు పనిచేసి, పుట్టిన గడ్డకి మంచి చేద్దామని తన పొలమంతా బడికి రాసిచ్చి వచ్చారు. మంచి మనిషి, ఆ మాట కాదనను. ఎప్పుడూ గొంతు పెంచరు. గొంతు పెంచనివాళ్ళకి ఎదురు చెప్పడం ఎంత కష్టమో అక్కడ కూర్చున్న ఎనిమిదిమందికీ తెలుసు.

"రేపటి ఉగాది పండగ ఆపడం లేదు. ఆపితే తప్పు మనదేనని ఒప్పుకున్నట్టవుతుంది. చిన్నగా చేద్దాం. పాప కోసం ఒక దీపం పెడదాం," అన్నారు ఆవిడ.

ఆవిడ తన ఫోను నా ముందు పెట్టారు. తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో ఎవరో రాశారు: "టీచరు మాత్రం నోట్లో వేసుకోలేదంట. పిల్లల చేత తినిపించిందంట."

నిజమే, నేను నోట్లో వేసుకోలేదు. రంజాను నెల, ఒక్కపొద్దు ఉన్నాను. ఉగాదికి ముందు ప్రతి తరగతీ బడి తోటలో రుచుల నడక చేస్తుంది. వేపపూత దగ్గర ఆగి చేదు, మామిడి చెట్టు దగ్గర పులుపు, మూడో తరగతివాళ్ళు తాము పెంచిన మిరపచేలో కారం. ఒక్కో పిల్లకి ఒక్కో మొక్క. "మీ మొక్కని ముట్టుకోండి, వాసన చూడండి, నాలిక కొసతో రుచి చూడండి, ఈ చేలో భయపడాల్సింది ఏదీ లేదు," అని నేనే చెప్పాను. మిగతా పిల్లలు కాయని నాలిక్కి ఆనించి సీ సీ అంటూ ఎగిరారు. సాయిలక్ష్మి అలా ఊరుకునే రకం కాదు. ఆకు కూడా తుంచుకుని నమిలి, "ఏడవలేదు చూడక్కా," అంది. నేను చప్పట్లు కొట్టాను. ఆ చప్పట్లు తలుచుకుంటే ఇప్పటికీ నా చేతులు నరుక్కోవాలనిపిస్తుంది.

"సాయిలక్ష్మి నాన్నగారు చీమకుర్తి నుంచి నేరుగా స్టేషనుకి వెళ్ళి కంప్లయింటు ఇచ్చారు," అన్నారు వెంకటేశ్వరమ్మ గారు. "ఎస్సై మనల్ని కాగితం రాసివ్వమన్నారు. నేను ఆలోచించాను. మన గట్టుకి ఆనుకుని పానకాలు గారి పత్తిచేను ఉంది. ఆయన కొట్టిన మందు గాలికి మన మొక్కల మీద పడి ఉంటుంది. అంతకుమించి నాకేమీ తోచడం లేదు."

నతానియేలు చెయ్యెత్తాడు. వడ్రంగం, పిల్లనగ్రోవి నేర్పుతాడు. ఒంగోలు టౌనులో పుట్టి పెరిగినవాడు. "నాకు తెలీక అడుగుతున్నానండి. ఈ కాలంలో పత్తికి మందు కొడతారా? చూస్తే అక్కడంతా ఎండిపోయి ఉంది," అన్నాడు.

మా ఊళ్ళో నిక్కర్లేసుకు తిరిగే పిల్లాణ్ణి అడిగినా చెబుతాడు. ఫిబ్రవరి దాటాక పత్తిచేలో మిగిలేది కట్టె. ఆఖరి తీత అయిపోయి, పొయ్యిలోకి ఏరుకునేవాళ్ళు ఏరుకుని, మిగిలింది ట్రాక్టరుతో తొక్కించేదాకా అలా నిలబడి ఉంటుంది. ఎండు కట్టెకి మందు కొట్టే పిచ్చివాడు గుంటూరు, ప్రకాశం జిల్లాలు రెండూ గాలించినా దొరకడు. ఇంత చదువుకుని, నేలతల్లి అనీ రుతువులనీ పాటలు పాడే మనుషులకి పక్క చేలో ఉన్నది పైరో ఎండుకట్టో తెలీదు.

"నసీమ్ చెప్పాలి. ఇది ఆమె ఊరు. వాళ్ళ నాన్నగారు రైతు," అన్నారు వెంకటేశ్వరమ్మ గారు. నా వైపు తిరిగి, చాలా మెత్తగా ఇంకో మాట కలిపారు. "మన మనుషుల్లో ఎవరైనా కొట్టి ఉంటే వాళ్ళ మీద కేసు అవుతుంది, అది మనం ఆపలేం. ఆ సంగతి తెలిసే వీలుండి కూడా పిల్లల్ని చేలోకి తీసుకెళ్ళారని తేలితే, ఆ టీచరు చేతిలో తరగతిని ఉంచలేం. నాకు ఇష్టమై కాదు, నసీమ్. తల్లిదండ్రులు ఒప్పుకోరు."

మా బడి చేను చూసేది మా నాన్న అల్లాబక్షు. కౌలుకి మిరప వేసి మూడేళ్ళు వరసగా చేను పోగొట్టుకుని ఇంట్లో కూర్చుంటే, ఆ పనిలో పెట్టించింది నేనే. మంగళవారం సాయంత్రం ఆస్పత్రి నుంచి వచ్చిన దగ్గర్నుంచి ఒక్క ప్రశ్న నా గొంతులో ఉంది. అడగలేదు. అడిగితే చెప్పేస్తాడని భయం.

"కొంతమంది కొడతారండి, ఆఖరి కాయల కోసం," అన్నాను.

నతానియేలు అలాగా అన్నట్టు తలూపాడు. అతని మొహంలో ఎంత నిశ్చింతో. ఒక్కొక్కరూ సమ్మతమే, సమ్మతమే అంటూ వచ్చారు. నా వంతు వచ్చింది. ఒక్కపొద్దు ఉన్న నోటితో నేను కూడా సమ్మతమే అన్నాను. వెంకటేశ్వరమ్మ గారు కొవ్వొత్తి ఆర్పి, కాగితం మీద పానకాలు పేరు రాశారు.

పానకాలు ఎవరో కూడా చెప్పాలి. నేను బాబాయి అని పిలుస్తాను. మా నాన్నా ఆయనా పాతికేళ్ళు పక్కపక్క చేలు కౌలుకి చేశారు. ఈ ఏడు మా బడి బోరు ఎండిపోతే, పిల్లల మొక్కలు వాడిపోతాయని జనవరి నుంచీ తన బోరు నీళ్ళు వదిలింది ఆయనే. వలయంలో ఆ మాట కూడా ఎవరికీ గుర్తు రాలేదు. నాకు గుర్తొచ్చింది, నేను చెప్పలేదు.

ఇంటికి వెళ్ళే దారిలో ఆయన ఇల్లు. తల దించుకుని దాటిపోదామనుకున్నాను గానీ ఆయన భార్య పుల్లమ్మ పిన్ని ఎదురొచ్చింది. "మీ బాబాయిని స్టేషనుకి రమ్మన్నారమ్మా. ఏదో అడగాలంట, అడిగి పంపించేస్తారంట," అంది. దేనికో ఆమెకి తెలీదు. "పాపకి ఎట్టా ఉంది?" అని అడిగి, లోపలికెళ్ళి సగం పుచ్చకాయ తెచ్చి నా చేతిలో పెట్టింది, నాన్న ఒక్కపొద్దు విడవడానికి. తీసుకున్నాను. తీసుకోకుండా ఎలా ఉండను?

నాన్న వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. అమ్మ పోయిన దగ్గర్నుంచి ఇంట్లో మేమిద్దరమే. పొద్దు గూకడానికి ఇంకా పది నిమిషాలుంది. పుచ్చకాయ అరుగు మీద పెట్టి ఎదురుగా నిలబడ్డాను.

"నాన్నా, బడి చేనికి మందు కొట్టావా?"

"కొట్టానమ్మా," అన్నాడు.

అంత తేలిగ్గా అన్నాడు. నేను రెండు రోజులు చచ్చిపోయింది ఆ ఒక్క మాటకా అనిపించింది. "మరి నిన్నంతా ఎందుకు చెప్పలేదు?"

"ఎవరడిగారు? బడి సంగతులు నేను అడగందే మాట్లాడొద్దు అన్నావుగా, పనిలో పెట్టిన రోజు. నువ్వడుగుతావని చూస్తన్నా."

అన్నాను. గ్రానైటు ఓనర్లూ డాక్టర్లూ పిల్లల్ని దింపడానికి వచ్చే చోట, చేలో బురదకాళ్ళతో నిలబడ్డ మనిషి మా నాన్న అని అందరికీ తెలియడం నాకు ఇబ్బందిగా ఉండేది. ఇప్పుడు దాచి ఏం లాభం, ఇబ్బందిగానే ఉండేది.

"ఎందుకు కొట్టావు నాన్నా?"

"నల్ల తామర పురుగు పడింది. పూతంతా ముడుచుకుపోయింది. మీరు చెప్పిన వేప కషాయం నాలుగుసార్లు కొట్టా, దానికేం లెక్క లేదు. సోమవారం ఆ పిల్ల నా దగ్గరికొచ్చింది, సాయిలక్ష్మి. తాతా, నా మొక్క చచ్చిపోద్దా, మా నాన్న పండగకొచ్చి చూస్తానన్నాడు అంది." నాన్న అరచేత్తో మొహం తుడుచుకున్నాడు. "మూడేళ్ళు నా కళ్ళముందే చేను మాడిపోయిందమ్మా. ఆ పిల్లకి చచ్చిపోద్దని ఎట్టా చెప్పేది? అటక మీద పాత డబ్బా ఒకటి మిగిలుంది. మంగళవారం సహర్ అన్నం తిని, తెల్లారకముందే పోయి కొట్టా. నాలుగు రోజులు ఎవరూ దిగకపోతే విషం విరిగిపోద్ది, మొక్క తేరుకుంటది అనుకున్నా."

"పిల్లలు రోజూ ఆ చేలోకే కదా నాన్నా వచ్చేది. ఎలా అనుకున్నావు ఎవరూ దిగరని?" నా గొంతు నాకే చెడ్డగా వినిపించింది. "ఒక్క మాట నాతో చెప్పకూడదా?"

"నువ్వు తెల్లారే బడి బస్సులో పిల్లల కోసం పోయావు. ఫోను చేస్తే కట్టేసి ఉంది." అవును, బడి పనిలో ఉన్నంతసేపూ మా ఫోన్లు పనిచేయకూడదు. అది కూడా వలయం నిర్ణయమే. "అయినా గుర్తు పెట్టాను గదమ్మా."

"ఏం గుర్తు?"

"మందు కొట్టిన చేనికి ఏం పెడతాం? గట్టు మొదట్లో కర్ర పాతి ఎర్రగుడ్డ కట్టా. అది చూశాక మేకలు తోలేవాడు కూడా దిగడు. నువ్వీ ఊరి పిల్లవేగా. నువ్వుండగా వాళ్ళకేం భయం అనుకున్నా."

మంగళవారం ఎనిమిదిన్నరకి పిల్లలందరూ తలా ఒక కర్ర పట్టుకుని ఉన్నారు. మంగళగిరి నుంచి ఒక నేతగాడు తెచ్చిచ్చిన రంగుగుడ్డల పేలికలు కట్టి వసంతం జెండాలు చేసుకున్నాం. గట్టు మొదట్లో ఇంకో కర్ర కనిపించింది, కొత్త ఎర్రగుడ్డతో. నాన్న పిల్లల కోసం కట్టి పెట్టాడనుకున్నాను. ఇన్నాళ్ళకి మా బడి అంటే ఏమిటో ఆయనకి తెలిసొచ్చిందని సంబరపడ్డాను కూడా. చిన్నప్పుడు ఎర్రగుడ్డ చూసి ఎన్నిసార్లు చుట్టుతిరిగి పోయానో, ఒక్కటంటే ఒక్కటి గుర్తుకు రాలేదు. ఆ కర్ర పీకి సాయిలక్ష్మి చేతికిచ్చి, "నువ్వు ముందు నడు, మేం నీ వెనక వస్తాం," అన్నాను. ఆ పిల్ల దాన్ని ఎత్తి పట్టుకుని అందరికంటే ముందు చేలోకి దిగింది.

నాన్నతో ఉన్నదున్నట్టు చెప్పాను. చెబుతూ ఆయన మొహం చూడలేకపోయాను. నా మీద నాకు పుట్టినంత అసహ్యం ఇంకెవరి మీదా పుట్టలేదు, వెంకటేశ్వరమ్మ గారి మీద కూడా.

మసీదు నుంచి అజాన్ వినిపించింది. ఆయన చెంబులో నీళ్ళు ముందు నాకిచ్చి, తర్వాత తాను రెండు గుక్కలు తాగాడు. చెంబు కింద పెట్టి, "నువ్వు పీకావా?" అన్నాడు. కోపం లేదు అందులో. కోపం ఉన్నా బాగుండేది.

"నాన్నా, ఇది బయటికి రాకూడదు," అన్నాను. మాటలు తోసుకుంటూ వచ్చాయి. "నువ్వు కొట్టావని తెలిస్తే నిన్ను లోపలేస్తారు. నేను గుడ్డ పీకానని తెలిస్తే నా తరగతి పోతుంది. ఇరవై రెండుమంది నాన్నా. నేను లేకపోతే వాళ్ళు ఏమైపోతారు? బాబాయికి ఏమీ కాదు. గాలికి పడిందంటే ఏదో జరిమానా వేసి వదిలేస్తారు."

"ఏ బాబాయి?"

చెప్పక తప్పలేదు. ఆయన నా మొహంలోకి చూశాడు. "పానకాలు పత్తికి మందు కొట్టాడని రాసిచ్చారా? ఎండు కట్టెకి? నువ్వు అక్కడే ఉన్నావా?"

"ఉన్నాను."

"మరి నువ్వేమన్నావు?"

నేను జవాబు చెప్పేలోపు ఫోను మోగింది. కొత్త నంబరు. నాన్న స్పీకరు పెట్టమన్నట్టు వేలు చూపించాడు. పెట్టాను.

"నసీమున్నీసా మేడమ్ గారా? స్టేషను నుంచి ఎస్సైనండి. మీ బడి కాగితం అందింది. ఈ పానకాలు ఒప్పుకోవడం లేదు. ఈ రోజుల్లో పత్తికి మందుండదు అంటాడు. నాది అనంతపురం సైడు, నాకీ పంటలు తెలీవు. కాగితం మీద ఎనిమిది మంది సంతకాలున్నాయి. ఈయన్ని అడిగితే ఒకటే మాట. బడిలో అల్లాబక్షు కూతురుంది, రైతుబిడ్డ, ఆ అమ్మాయినడగండి, ఆమె ఏం చెబితే దానికి కట్టుబడతా అంటున్నాడు. మీరేమంటారు?"

వెనకనుంచి బాబాయి గొంతు వినిపించింది. బెదురు లేదు, ఎవరో పెద్దదిక్కు దొరికినట్టు మాట్లాడుతున్నాడు. "నసీమూ, చెప్పమ్మా వీళ్ళకి. నా మాట నమ్మట్లా."

నాన్న నన్నే చూస్తున్నాడు. రేపు పొద్దున తలుపు దగ్గర ఎన్ని చేతులు వస్తాయా అని ఆలోచించాను. నిజంగా ఆ క్షణంలో నేను ఆలోచించింది అదే.

"నాకు వ్యవసాయం తెలీదండి," అన్నాను.

ఎస్సై, "సరే మేడమ్. అయితే కేసు రాసుకుంటాం. ఈయన ఇక్కడే ఉంటాడు. రేపు ఒకసారి వచ్చి సంతకం పెట్టి వెళ్ళండి," అని పెట్టేశాడు.

నాన్న లేచి దండెం మీది చొక్కా తీసి తొడుక్కున్నాడు. పుచ్చకాయ ముట్టుకోలేదు. గోడకి ఆనించిన సైకిలు వాకిట్లోకి దించాడు.

"ఎక్కడికి నాన్నా?"

"స్టేషనుకి. నేను కొట్టానని చెబుతా." చొక్కా గుండీలు పెట్టుకుంటూ, నా వైపు చూడకుండా అన్నాడు. "గుర్తు పెట్టడం మర్చిపోయాననీ, నీతో చెప్పలేదనీ చెబుతా. ఎర్రగుడ్డ సంగతి నేనెత్తను. పిల్లలు చూసినా వాళ్ళకది జెండాయే. అదేంటో తెలిసింది మనిద్దరికే. నీ తరగతి నీకుంటది."

"గుర్తు పెట్టలేదంటే శిక్ష ఎక్కువ పడుతుంది నాన్నా."

"పడనీ."

"ఒక్కపొద్దు ఉండి అబద్ధం చెబుతావా?"

"విడిచాగా," అన్నాడు.

సైకిలెక్కి అద్దంకి రోడ్డు వైపు తిరిగాడు. నాన్నా అని పిలిచాను. నా గొంతు సరిగ్గా రాలేదో, ఆయనకి వినిపించలేదో, వెనక్కి చూడలేదు.

మళ్ళీ పిలవలేదు నేను.